తొంభైల సినిమాల్లో ఆడదాన్ని ప్రేమించిన ఆడది బతికి బట్టకట్టదా?

పర్లాకిమిడి_పద్మ
బరంపురంలో మా ఫ్రెండ్సంతా నెలకో ఆదివారం ఎవరో ఒకరి మేడ మీద ప్రొజెక్టర్ పెట్టుకుని పాత సినిమా చూస్తాం. సగం మంది తెలుగువాళ్లు, సగం మంది ఒడియావాళ్లు కాబట్టి సబ్‌టైటిల్స్ ఉంటే చాలు, ఏ భాషైనా నడుస్తుంది. ఈసారి సినిమా ఎంచే వంతు నాది. తొంభైల్లో వచ్చిన లెస్బియన్ ప్రేమకథ ఒకటి పెడతానని గొప్పగా చెప్పేశాను. తీరా వెతికి చూస్తుంటే ఒళ్లు మండిపోతోంది. ‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’లో హీరోయిన్ కేథరిన్ మీద హత్య అనుమానం. ‘హెవెన్లీ క్రీచర్స్’లో అమ్మాయిలిద్దరూ కలిసి ఒకరి తల్లిని చంపేస్తారు. ‘హై ఆర్ట్’లో ప్రేమ కుదురుకునేలోపే ఒకామె మత్తుమందుతో పోతుంది. ‘ఫైర్’లో ప్రేమించుకున్న తోటికోడళ్లిద్దరూ చావరు గానీ, మొగుళ్లు పట్టించుకోకపోబట్టే ఇదంతా జరిగిందన్నట్టు ఉంటుంది.

నాక్కావలసింది రెండే. ఇద్దరూ చివరిదాకా బతికుండాలి. వాళ్ల ప్రేమకి ఎవడో వెధవ కారణం కాకూడదు. అలాంటిది ఉంటే చెప్పండి.

చిత్రాలబాబు
‘బేసిక్ ఇన్‌స్టింక్ట్’ని ప్రేమకథల కింద వేసుకున్నావంటే నీ పెళ్లిసంబంధాలు ఎవరు చూస్తున్నారో కనుక్కోవాలి పద్మా.

నాగావళి
నవ్వులాట కాదు బాబూ. 1991లో శాన్‌ఫ్రాన్సిస్కోలో ఆ సినిమా షూటింగ్ జరుగుతుండగానే అక్కడి గే, లెస్బియన్ సంఘాలవాళ్లు రోడ్డెక్కారు. తెరమీద మేం కనబడేదే ఎప్పుడో ఒకసారి, అప్పుడు కూడా చేతిలో ఐసు పొడిచే సూదితోనేనా అని. 1992లో సినిమా విడుదలయ్యాక హాళ్ల బయట ‘హత్య చేసింది కేథరినే’ అని రాసి పట్టుకున్నారు. సస్పెన్స్ సినిమాని దెబ్బకొట్టాలంటే అంతకన్నా ఏం కావాలి.

చిత్రాలబాబు
ఇదే పని మా ఇచ్ఛాపురం బావ ఊరికే చేసిపెట్టేవాడు. ఇంటర్వెల్ దాకా కూడా ఆగేవాడు కాదు.

బల్లార్షా_రవి
‘ఫైర్’ మాట వచ్చింది కాబట్టి ఆ గొడవ గురించి చెబుతాను, ఇక్కడ చాలామందికి అప్పటికి ఊహ తెలిసుండదు. సినిమా తీసింది 1996లో. మన దేశంలో విడుదలైంది 1998 నవంబరులో. సెన్సారువాళ్లు ఒక్క కట్ కూడా లేకుండా ‘ఎ’ సర్టిఫికెట్ ఇచ్చారు. రెండు వారాల పైగా ప్రశాంతంగా ఆడింది కూడా. డిసెంబరు 2న ముంబయి గోరేగావ్‌లో ఒక హాలు మీద శివసేన వాళ్లు పడి అద్దాలు పగలగొట్టారు. మర్నాడు ఢిల్లీలో రీగల్. అప్పుడు మా రాష్ట్ర ముఖ్యమంత్రి మనోహర్ జోషి. కేసులు పెట్టించాల్సింది పోయి, పగలగొట్టినవాళ్లనే మెచ్చుకున్నారు. సినిమాని మళ్లీ సెన్సారుకి పంపారు. దర్శకురాలు దీపా మెహతాతో పాటు దిలీప్ కుమార్, మహేశ్ భట్ లాంటివాళ్లు సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1999 ఫిబ్రవరిలో మళ్లీ ఒక్క కట్ లేకుండానే బయటికొచ్చింది.

ఇంతా జరిగాక బల్లార్షాలో గానీ చంద్రపూర్‌లో గానీ ఏ హాలువాడు ఆ ప్రింటు తెచ్చుకుంటాడు? మేం చూడాలనుకున్నా చూసే దారి లేదు. దాడి ముంబయిలో జరిగింది, భయం సిరోంచా దాకా పాకింది.

కొరాపుట్_కాఫీ
మా ఒడిశావాళ్ల వాటా మర్చిపోకండి. ‘ఫైర్’లో చిన్నకోడలు సీతగా చేసిన నందితా దాస్ నాన్నగారు, చిత్రకారుడు జతిన్ దాస్, మయూర్‌భంజ్ మనిషే. తమాషా ఏంటంటే సినిమాలో ఆవిడ మొగుడి పాత్ర పేరు కూడా జతినే. షూటింగ్‌లో ఆవిడకి ఎలా ఉండేదో.

చిత్రాలబాబు
మొగుణ్ణి ఆ పేరు పెట్టి తిట్టాల్సి వస్తే ఇబ్బందే.

సుశీల_టీచర్
పద్మా, నేను గుణుపురంలో పనిచేసి రిటైరైన టీచర్ని. ‘ఫైర్’ని క్యాసెట్టు మీద చూశాను, విడుదలైన చాలా రోజులకి. మా ఆడపడుచు, నేను తలుపులేసుకుని చూశాం. నువ్వు ‘మొగుళ్లు పట్టించుకోకపోబట్టే’ అని ఒక్క ముక్కలో తేల్చేశావు. నాకు ఆ సినిమా అలా అనిపించలేదమ్మా.

అందులో ఇల్లు చూడు. కింద హోటలు, పక్కనే వీడియోల షాపు, పైన కాపురం. మాట పడిపోయిన అత్తగారు గంట కొట్టి పిలుస్తుంటుంది. పెద్దకోడలు రాధ పొద్దున్నుంచి రాత్రిదాకా హోటలుకి వండాలి, ఇంటికి వండాలి, ముసలావిడకి స్నానం చేయించి పౌడరు వేయాలి. చిన్నకోడలు వచ్చాక ఆ చాకిరీ రెండు భాగాలవుతుంది. వాళ్లిద్దరూ దగ్గరైంది మంచం మీద కాదు, వంటింట్లో. ఉమ్మడి కుటుంబంలో కాపురం చేసినవాళ్లకి ఇది ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. మా తోటికోడలూ నేనూ ఏళ్ల తరబడి మాట్లాడుకున్న మాటలన్నీ రుబ్బురోలు దగ్గర మాట్లాడుకున్నవే. మా మధ్య అలాంటిదేమీ లేదు, అది వేరే సంగతి. కానీ ఆ ఇంట్లో ఒకళ్లనొకళ్లు నిజంగా చూసుకున్నది మేమిద్దరమే. మగాళ్లకి మేం కంచం పక్కన చెయ్యిలా కనబడేవాళ్లం.

ఇక చివర. రాధ చీరకి వంటింట్లో నిప్పంటుకుంటుంది. మొగుడు ఆర్పడు, తల్లిని ఎత్తుకుని వెళ్లిపోతాడు. అప్పట్లో ఇలాంటి చావులు పేపర్లో ఎన్ని చదివామో నీకు తెలీదు, స్టవ్ పేలింది అని రాసేవారు. నేను గుండె బిగబట్టుకుని కూర్చున్నాను, అయిపోయింది అనుకున్నాను. రాధ బతికి, వానలో దర్గా దగ్గరికి నడుచుకుంటూ వస్తుంది. రామాయణంలో సీతని అగ్నిపరీక్షకి నిలబెట్టిన కథని తిప్పి చెప్పింది దర్శకురాలు. నీ రెండు షరతుల్లో మొదటిదాన్ని ఇంతకంటే ఎవరు నిలబెట్టారు?

పర్లాకిమిడి_పద్మ
టీచర్ గారూ, వంటింటి సంగతి మీరు చెబుతుంటే మళ్లీ చూడాలనిపిస్తోంది. కానీ రెండో షరతు దగ్గర మాత్రం నేను కదలను.

నాగావళి
నేనూ పద్మ వైపే. సినిమా ఎలా అల్లారో చూడండి టీచర్ గారూ. పెద్దాయన స్వామీజీ మాట విని ఏళ్ల తరబడి బ్రహ్మచర్యం పాటిస్తుంటాడు. చిన్నవాడికి బయట ఇంకో పిల్ల ఉంది. ఇద్దరు మొగుళ్లూ సరిగ్గా ఉండుంటే ఈ ఇద్దరాడవాళ్లూ పచ్చళ్లు పట్టుకుంటూ కూర్చునేవారేమో అన్న సందు వదిలేశారు. ఆ సందులో నుంచే మన జనం దూరి ‘పాపం మొగుడి ప్రేమ దొరక్క’ అంటారు. మగాడి మీద అలిగితే వచ్చేది కాదు కదా ఇది.

అదే 1995లో వచ్చిన ‘ది ఇన్‌క్రెడిబ్లీ ట్రూ అడ్వెంచర్ ఆఫ్ టూ గర్ల్స్ ఇన్ లవ్’ చూడండి. హైస్కూలు పిల్లలిద్దరు. ఒకమ్మాయి పెట్రోలు బంకులో పనిచేస్తుంటుంది, రెండో అమ్మాయి కారులో వస్తుంది. అంతే కారణం. బంకుకి వచ్చింది, నచ్చింది.

సుశీల_టీచర్
పదిహేడేళ్ల అమెరికా పిల్లలకి మొగుడుండడు కాబట్టి మొగుడి గొడవ రాలేదు తల్లీ. ఇక్కడ ఇరవై దాటేసరికి మెడలో తాళి ఉండేది. పెళ్లికాని ఆడదాని కథ తీస్తే నమ్మేవాళ్లా? ఏ ఇంట్లో ఉంటే ఆ ఇంటి కథే అవుతుంది. మొగుడు ఉన్నాడు కాబట్టి మొగుడు కనబడ్డాడు.

నాగావళి
కనబడితే సరే. మంచివాడై కనబడొచ్చుగా? మంచి మొగుణ్ణి వదిలి వెళ్తే సానుభూతి రాదని దర్శకురాలికి భయం.

కాశీనగర్_వాసు
ఇంతసేపూ ఊరుకున్నాను. ఇవన్నీ పైదేశాల నుంచి దిగిన రోగాలు. మన వైపు ఎక్కడున్నాయి ఇలాంటివి? సినిమావాళ్లు అవార్డుల కోసం తీస్తారు, మీరు మేడలెక్కి చూస్తారు. నేను శానిటరీ సామాన్ల షాపు నడుపుతున్నాను, రోజుకి వందమందితో మాట్లాడతాను, ఒక్కరు కూడా కనబడలేదు.

చిత్రాలబాబు
కుళాయి వాషర్ కొనడానికి వచ్చినవాళ్లు నీకు ఇంటి గుట్టు చెప్పాలా వాసన్నా?

బల్లార్షా_రవి
వాసు గారూ, ఇద్దరాడవాళ్ల సంబంధం మీద ఇస్మత్ చుగ్తాయ్ ఉర్దూలో రాసిన ‘లిహాఫ్’ కథ అచ్చయింది 1942లో. అశ్లీలమని లాహోర్‌లో కేసు నడిచింది, నిలబడలేదు. అప్పటికి మనకి స్వతంత్రమే రాలేదు. 1987లో మధ్యప్రదేశ్‌లో ఇద్దరు మహిళా కానిస్టేబుళ్లు గుళ్లో దండలు మార్చుకుని ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. వాళ్లు ఏ ఇంగ్లీషు సినిమా చూసి నేర్చుకున్నారు?

జయపురం_జ్యోతి
వాసు గారూ, మా ఇంట్లోనే ఉన్నారు. మా పెద్దమ్మ నర్సు. ఇంకో నర్సమ్మతో కలిసి క్వార్టర్లో మొదలుపెట్టిన కాపురం రిటైరయ్యాక సొంతిల్లు కట్టుకునేదాకా సాగింది. ఊళ్లో అందరూ ‘అక్కాచెల్లెళ్లు’ అనేవారు. ఒకావిడది శ్రీకాకుళం వైపు, రెండో ఆవిడది కళాహండి. మొహాల్లో పోలికే లేదు, మాట కూడా ఒకటి కాదు. అయినా అక్కాచెల్లెళ్లే. ఎవరికీ అనుమానం రాలేదనుకోను. అడిగితే జవాబు వినాల్సి వస్తుందని అడగలేదు.

ఆ రెండో ఆవిడని మేం ఆవిడ భాషలోనే నానీ అని పిలిచేవాళ్లం. పెద్దమ్మకి ఆపరేషన్ అవసరమైనప్పుడు ఆసుపత్రిలో సంతకం ‘రక్తసంబంధీకులు’ పెట్టాలన్నారు. నానీ అక్కడే ఫైలు పట్టుకుని నిలబడి ఉంది. పెద్దమ్మతో పదేళ్లుగా మాటల్లేని మావయ్య బస్సు దిగి వచ్చి సంతకం పెట్టి, టీ తాగి వెళ్లిపోయాడు. మీకు సినిమా కావాలా, ఇదిగో సినిమా. ఇందులో మొగుడు లేడు, హత్య లేదు. ఎవరూ తీయలేదు.

రాయగడ_రైలు
జ్యోతీ, ఇది చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు.

పర్లాకిమిడి_పద్మ
నాకూ అంతే. నానీ ఎలా ఉన్నారిప్పుడు?

జయపురం_జ్యోతి
బాగానే ఉంది. పెద్దమ్మ కూడా. ఇద్దరూ ఇంకా పోట్లాడుకుంటారు, పప్పులో ఇంగువ వేయాలా వద్దా అని.

తంపర (మోడరేటర్)
కింద రెండు పోస్టులు తీసేశాను. జ్యోతి గారి కుటుంబం గురించి వెటకారాలు ఇక్కడ కుదరవు. వాసు గారి పోస్టు ఉంచాను, ఆయన వాదించారు గానీ తిట్టలేదు.

రాయగడ_రైలు
సినిమాల దగ్గరికి వస్తాను. తొంభైల్లో నేను వీడియో లైబ్రరీలో క్యాసెట్లు రాసుకునే కుర్రాణ్ణి. ‘ఫైర్’ క్యాసెట్టు దిగాక దానికి ఉన్న గిరాకీ చెప్పలేను. అందరూ మగాళ్లే, అందరూ రాత్రి కోసమే. పొద్దున్నే తెచ్చి ‘ఏటి, ఇందులో ఏటీ నేదు, వంటే ఉంది’ అని విసుక్కునేవారు. టీచర్ గారు వంటింటి గురించి రాసింది చదివితే వాళ్లందరూ గుర్తొచ్చారు. సరిగ్గా చూశారన్నమాట, వాళ్లకి తెలీకుండానే.

అందుకే నా ఓటు ‘ది వాటర్‌మెలన్ వుమన్’కి, 1996. షెరిల్ డన్యే తీసింది, ఆవిడే నటించింది. నల్లజాతి లెస్బియన్ తీసిన మొదటి పూర్తి నిడివి సినిమాగా దానికి పేరు. అందులో ఆవిడ ఫిలడెల్ఫియాలో వీడియో షాపు గుమాస్తా. 1930ల నాటి సినిమాల్లో పనిమనిషి వేషాలు వేసిన ఒక నల్లజాతి నటిని వెతుకుతుంది. టైటిల్స్‌లో ఆమెకి పేరు కూడా ఉండదు, ‘వాటర్‌మెలన్ వుమన్’ అని వేస్తారంతే. ఫొటోలు, ఉత్తరాలు, పాత ఫిలిం ముక్కలు ఒక్కొక్కటీ దొరుకుతాయి. చివర్లో తెలుస్తుంది, ఆ నటి అసలు లేనే లేదని, అన్నీ డన్యే పుట్టించినవేనని. మన చరిత్ర ఎవరూ దాచిపెట్టకపోతే మనమే కల్పించుకోవాలి అన్నట్టు. జ్యోతి వాళ్ల పెద్దమ్మ, నానీ ఫొటోలు ఏమైనా ఉంటే జాగ్రత్త చెయ్యండమ్మా.

కొరాపుట్_కాఫీ
‘బాయ్స్ డోంట్ క్రై’ ఎవరూ అనలేదేం? 1999. హిలరీ స్వాంక్‌కి ఆస్కార్ వచ్చింది.

నాగావళి
అది ట్రాన్స్ మగవాడి కథ, లెస్బియన్ కథ కాదు. పైగా చంపేస్తారు. పద్మ మొదటి షరతే నిలవదు.

బల్లార్షా_రవి
‘చేజింగ్ ఏమీ’ కూడా లిస్టులో కనబడుతుంటుంది, వద్దు. అదంతా లెస్బియన్ని ప్రేమించిన కుర్రాడి బాధ. ‘ఫ్రైడ్ గ్రీన్ టొమాటోస్’ (1991) నవలలో ప్రేమ ఉంటే సినిమాలో స్నేహం దగ్గర ఆపేశారు. చూసేవాళ్లకి అర్థమవుతుంది, నిర్మాతకి ఇబ్బంది ఉండదు. మన ‘అక్కాచెల్లెళ్ల’ పద్ధతే.

చిత్రాలబాబు
తెలుగులో ఏమీ లేదా మరి? ‘జంబలకిడిపంబ’ ఉంది కదా.

కొరాపుట్_కాఫీ
అందులో ఆడా మగా తారుమారవుతారు, ప్రేమ మాత్రం మారదు. ‘చిత్రం భళారే విచిత్రం’లో నరేశ్ చీర కట్టాడు, ‘మేడమ్’లో రాజేంద్రప్రసాద్ కట్టాడు, ‘భామనే సత్యభామనే’లో కమల్ కట్టాడు. ముసలాళ్లు వెంటపడితే నవ్వుకున్నాం. మగాడు ఆడవేషం వేస్తే ఇంటిల్లిపాదీ చూసే కామెడీ. మా వైపు నాటకాల్లో ఆ వేషాలు తరతరాలుగా ఉన్నాయి, గొటిపువా నాట్యం చేసే మగపిల్లలు అమ్మాయిల్లా జడ వేసుకుని ఆడితే దండం పెడతారు. ఇద్దరు ఆడవాళ్లు ఆడవాళ్లుగానే ఉండి దగ్గరైతే మాత్రం నవ్వు రాదు, నోరు పెగలదు.

సుశీల_టీచర్
మలయాళంవాళ్లు ముందే తీశారు. పద్మరాజన్ ‘దేశాటనక్కిళి కరయారిల్ల’ 1986లోది. స్కూలు పిల్లలిద్దరు పారిపోతారు. చివర్లో వాళ్లూ చచ్చిపోతారు. చూశాక రెండు రోజులు క్లాసులో పిల్లల మొహాలు చూడలేకపోయాను.

నాగావళి
బతికున్న సినిమాలు చెబుతాను, రాసుకో పద్మా. ‘గో ఫిష్’, 1994, బ్లాక్ అండ్ వైట్. షికాగోలో నలుగురైదుగురు స్నేహితురాళ్లు కలిసి ఒకమ్మాయికి జంట కుదర్చాలని చూస్తారు. మన పెళ్లిచూపుల లాగే ఉంటుంది, అందరికీ సలహాలే. ‘బట్ అయామ్ ఎ చీర్‌లీడర్’, 1999. అమ్మాయిని ‘మార్చడానికి’ తల్లిదండ్రులు క్యాంపులో వేస్తారు, అక్కడే ఆమెకి జోడీ దొరుకుతుంది. కామెడీ.

అన్నిటికన్నా ‘బౌండ్’, 1996. ‘మేట్రిక్స్’ తీసిన వచోవ్‌స్కీల మొదటి సినిమా. జైలు నుంచి వచ్చిన కోర్కీ పక్క ఫ్లాటులో పైపుల పని చేస్తుంటుంది. మాఫియావాడి దగ్గర ఉండే వయొలెట్ తన చెవికమ్మ సింకులో పడిందని పిలుస్తుంది. తర్వాత ఇద్దరూ కలిసి వాడి రెండు మిలియన్ల డాలర్లు కొట్టేస్తారు. కోర్కీని మగాణ్ణి చేస్తే డబ్బు పెడతామని స్టూడియోవాళ్లు అడిగారట, ఒప్పుకోలేదు. చివర్లో ఇద్దరూ ట్రక్కు ఎక్కి వెళ్లిపోతారు.

చిత్రాలబాబు
‘చీర్‌లీడర్’లో కూడా ట్రక్కు వెనకాలే ముద్దు పెట్టుకుంటారు. కాబట్టి నీతి ఏంటంటే, బండి ఎక్కినవాళ్లే బతుకుతారు. గుణుపురం పాసింజర్ కూడా లెక్కలోకి వస్తుందా?

పర్లాకిమిడి_పద్మ
గుణుపురం పాసింజర్ ఎక్కితే బతుకుతారు గానీ ఎప్పటికి చేరతారో చెప్పలేం.

జయపురం_జ్యోతి
‘షో మీ లవ్’ ఎవరైనా చూశారా? స్వీడన్‌ది, 1998. ఓమోల్ అని చిన్న ఊరు. అక్కడ ఏమీ జరగదు. ప్రతి కొత్త ఫ్యాషనూ అందరికీ పాతబడ్డాక వాళ్ల ఊరికి వస్తుందని ఒకమ్మాయి ఏడుస్తుంది. ఒక అమ్మాయికి స్నేహితులు లేరు, రెండో ఆమెకి అందరూ స్నేహితులే, విసుగు తప్ప ఏమీ లేదు. చివర్లో బడంతా గుమిగూడి చూస్తుండగా ఇద్దరూ బాత్రూమ్ లోంచి చెయ్యీ చెయ్యీ పట్టుకుని బయటికొస్తారు. అమెరికా సినిమాల్లో నాకు ఊరు దొరకలేదు, ఇందులో దొరికింది. జయపురంలో పదహారేళ్ల వయసు గడిపినవాళ్లకి ఆ విసుగు ఎలా ఉంటుందో తెలుసు. ప్రేమ కన్నా ముందు ఊరు వదిలిపోవాలని ఉంటుంది.

అసలు స్వీడిష్ పేరులో ఆ ఊరి పేరుకి ముందు ఒక బూతు మాట ఉంటుంది. ఆ ఊరివాళ్లకి కోపం వచ్చింది కూడా.

చిత్రాలబాబు
మన ఊరి పేరుతో అలా తీస్తే వాసన్న ముందు నిలబడి షట్టర్లు వేయిస్తాడు.

కాశీనగర్_వాసు
ఊరిని తిడితే ఎవడికైనా కోపం వస్తుంది. అందులో తప్పేముంది.

పర్లాకిమిడి_పద్మ
అయితే ఈ నెల ‘షో మీ లవ్’. జ్యోతీ, నువ్వు వస్తే బాగుంటుంది, రాత్రి బస్సుంది కదా. వచ్చే నెల నా వంతు కాకపోయినా ‘ఫైర్’ పెట్టించి టీచర్ గారినీ నాగావళినీ చెరోవైపు కూర్చోబెడతాను. ఇంగ్లీషుది పెట్టాలా, హిందీదా?

బల్లార్షా_రవి
ఇంగ్లీషుదే పెట్టు, అసలు తీసింది ఇంగ్లీషులోనే. హిందీలో సీతని నీతా చేయించారు. రామాయణం, అగ్నిపరీక్ష అన్నీ ఉంచి సీత పేరు తీసేస్తే ఇక టీచర్ గారు చెప్పినది ఎక్కడ తగులుతుంది?

నాగావళి
వస్తాను. మొగుళ్ల సంగతి మీద మాత్రం తగ్గను.

సుశీల_టీచర్
తగ్గమని ఎవరన్నారు. నేను అప్పడాలు తెస్తాను.

కాశీనగర్_వాసు
‘బౌండ్’ రాత్రి చూశాను, షాపు పనికి సంబంధించింది ఉందన్నారని. నా అభిప్రాయం మారలేదు. కానీ సింకులో పడిన చెవికమ్మ కోసం కింద ఉండే వంపు పైపు, అదే ట్రాప్, విప్పి తీయడం మాత్రం సరైన పద్ధతి. మన మేస్త్రీలు పై నుంచి తీగ పెట్టి గెలికి వస్తువుని ఇంకా లోపలికి తోసేస్తారు.